మిరియం భోజనం పెండింగు

తొందరపడి కొన్నవాడూ చెడతాడు, తొందరపడి అమ్మినవాడూ చెడతాడు, తొందరపడి తిన్నవాడు మాత్రం చెడడని గ్రంధి కామేశం నమ్మకం. శంకరవరం మెయిన్ రోడ్డులో ఆయనది స్టీలు సామాన్ల కొట్టు, దాన్ని ఆనుకునే ఇల్లు. ఊళ్లో పెళ్లంటే గుండిగలూ గంగాళాలూ ఆయన దగ్గర్నుంచే అద్దెకి వెళ్తాయి కాబట్టి ప్రతి పెళ్లి భోజనంలోనూ ఆయనకి విస్తరి ఉంటుంది. నిదానంగా తినేవాడి విస్తట్లోకి బూరె ఒక్కసారే వస్తుంది, తొందరగా తినేవాడికి రెండోసారి అడిగే హక్కు మిగులుతుంది. ఆయన లెక్క అది.

అందుకే, కొట్టు వెనకాల ప్యాకింగు గడ్డిలో దొరికిన కుక్కపిల్ల గిన్నెడు పాలన్నం రెప్పపాటులో ఊడ్చి పారేసినప్పుడు ఆయన మెచ్చుకున్నాడు.

"సరుకు దిగడమే ఆలస్యం, ఖాళీ. వ్యాపారమంటే అలా ఉండాలి తాయారూ!" అన్నాడు భార్యతో.

చిన్నగా, నల్లగా, కాస్త ఘాటుగా ఉందని దానికి మిరియం అని పేరు పెట్టిందీ ఆయనే.

మంగతాయారుకి లెక్కలు రావు గాని చూపుంది. "దిగిన సరుకు తిరిగొస్తోందండీ, చూసుకోండి" అంది. నిజమే. మిరియం మింగినదంతా కాసేపటికి గచ్చు మీద కక్కేది. కక్కినదాన్ని మళ్లీ అంతే వేగంగా మింగబోయేది. ఒకరోజు గొంతుకడ్డం పడి, కళ్లు తేలేసి, కాళ్లు కొట్టుకుంది. కామేశం దాన్ని తలకిందులుగా పట్టుకుని వీపు మీద చరిస్తే గాని ఊపిరాడలేదు. మధ్యాహ్నం వేళ మొగుడు కొట్టులో ఉంటే ఇంట్లో మంగతాయారు కొంగు మీద పడుకునే ప్రాణి అదొక్కటే. ఆవిడ ఆ పూట అన్నం ముట్టలేదు.

మర్నాడు కామేశం కుక్కపిల్లని సంచిలో పెట్టుకుని పశువుల ఆస్పత్రికి వెళ్లాడు.

డాక్టరు దాని పొట్ట నొక్కి, నోరు తెరిచి చూసి, లేచి వెళ్లి గది తలుపేసి వచ్చాడు.

"ఇదివరకైతే గిన్నె మధ్యలో నున్నటి రాయి పెట్టండి, చుట్టూ అన్నం వెయ్యండి, నాలుకతో వెతుక్కుంటూ నిదానంగా తింటుందని చెప్పి పంపేసేవాణ్ణండీ. ఇప్పుడలా చెప్పడానికి లేదు" అన్నాడు గొంతు తగ్గించి.

"ఏం, రాళ్లు దొరకడం లేదాండీ?"

"రాళ్లున్నాయండీ. రూలు మారింది. ఇది ఆత్రం. ఆత్రం కనబడితే నేను నమోదు చెయ్యాలి. నమోదయ్యాక మీకు నోటీసొస్తుంది."

"నేను మందు కోసం వచ్చానండీ బాబూ."

"మందుకి రూల్లేదండి. నోటీసుకే ఉంది."

ఆ రూలు సంగతేమిటంటే, శంకరవరం మున్సిపాలిటీకి కొత్తగా వచ్చిన కమిషనరు ప్రభంజనరావుగారు ఎక్కడో చల్లటి కొండ ఊళ్లో శిక్షణ పొంది వచ్చారు. ఉరుకులు పరుగుల్లేని పట్టణమే ఉత్తమ పట్టణమని అక్కడ నేర్పారట. వచ్చీ రావడంతోనే 'నిదాన శంకరవరం' అనే పథకం ప్రకటించి, ఊళ్లో ఏవేవి తొందరగా జరుగుతున్నాయో చూసి రమ్మని సిబ్బందిని పంపారు. సిబ్బంది ఊరంతా తిరిగి వచ్చి నిజమే చెప్పారు. రోడ్ల మీద బళ్లు ఎప్పట్నుంచో నిదానంగానే పోతున్నాయి, గోతులు ఆ సంగతి చూసుకుంటున్నాయి. కొళాయిలో నీళ్లు నిదానంగా వస్తున్నాయి, కాలవలో నీళ్లు నిదానంగా పోతున్నాయి. ఆఫీసులో ఫైళ్ల నిదానం కమిషనరుగారికే తెలుసు. ఊరు మొత్తం మీద తొందరగా జరుగుతున్నది ఒక్కటే తేలింది. కుక్కల భోజనం.

దాంతో శునక భోజన వేగ నియంత్రణ సంఘం పుట్టింది. నోటీసు అందుకున్నవాళ్లు కుక్కని మున్సిపల్ ఆఫీసు ఆవరణలోకి తీసుకురావాలి. ఇంటి నుంచి తెచ్చిన గిన్నెలో తిండి పెడతారు. పరిశీలకుడు విజిలు ఊదేలోగా గిన్నె ఖాళీ అయితే ఆత్రం, ఊదాక కూడా తింటూంటే నిదానం. ఆత్రమని తేలిన కుక్కని ఊరి చివర మూతబడ్డ చేపల మార్కెట్టు షెడ్డుకి తీసుకుపోతారు. దానికి ఓర్పు కేంద్రమని బోర్డు పెట్టారు. ఓర్పు నేర్చుకున్నట్టు ఓర్పు శిక్షకుడు సంతకం పెడితే కుక్కని ఇంటికి పంపించేస్తారు. ఓర్పు శిక్షకుడి పోస్టు ఖాళీగా ఉంది. అందుకని ఇంతవరకూ వెళ్లిన కుక్కలే గాని వచ్చిన కుక్క లేదు.

నోటీసు చూసి మంగతాయారు కుక్కపిల్లని ఒళ్లోకి లాక్కుంది. "దీన్ని ఆ షెడ్డులో వేస్తే నేనూ అక్కడే ఉంటానండీ. మీకు వంటకి ఎవర్నేనా చూసుకోండి" అంది.

అంటే నష్టం రెండింతలు. కామేశం పనిలోకి దిగాడు.

ముందు డాక్టరు మాట ప్రకారం రుబ్బురోలు పొత్రం కడిగి గిన్నెలో పెట్టాడు. మిరియం ఆ పొత్రాన్ని తనతో పాటు అన్నానికి వచ్చిన ఇంకో కుక్క అనుకుంది. గుర్రుమంటూ, దానికి ఒక్క మెతుకు దక్కకుండా రెట్టింపు జోరుతో లాగించింది. పొత్రం ఓడిపోయింది.

తర్వాత కామేశం కొట్లోంచి ఇడ్లీ పళ్లెం తెచ్చాడు. గుంటగుంటలోనూ కాస్త కాస్త పెరుగన్నం సర్ది కింద పెట్టాడు.

"ఇడ్లీ పళ్లెం కుక్కకి పెట్టేస్తారేంటండీ! ఇంక రేపట్నుంచి మీ టిఫిను కుక్క గిన్నెలో వడ్డిస్తాను, ఆయ్!"

"వడ్డిద్దువుగాని, ముందు చూడు."

మిరియం ఒక గుంట నాకింది. నోట్లోకి వచ్చింది కొంచెం. మూతి రెండో గుంటలో పెట్టింది, ముక్కుకి అంచు తగిలింది. ఆలోచించింది. ఒక్కసారిగా మింగుదామంటే కుదిరే సరుకు కాదది, చిల్లర బేరం. అది నిదానించింది. మంగతాయారు సంబరపడి, దగ్గర్నుంచి చూద్దామని చీపురు చేత్తో పట్టుకునే వచ్చి వెనకాల నిలబడింది. అంతే, మిరియం తోక కాళ్ల మధ్యకి పోయింది, పళ్లెం గచ్చు మీద గలగలా జరిగింది, మిగతా గుంటలన్నీ క్షణంలో ఖాళీ. ఆవిడ అవతలికి వెళ్తే నిదానం, వెనక్కి వస్తే ఆత్రం. కామేశం భార్యని నాలుగైదుసార్లు అటూ ఇటూ నడిపించి మరీ ఖాయం చేసుకున్నాడు.

ఆయనకి విషయం బోధపడింది. పెళ్లిళ్లలో మొదటి బంతి వాళ్లు తింటూండగానే రెండో బంతి వాళ్లు వచ్చి కుర్చీల వెనకాల నిలబడతారు. కుర్చీ వీపు మీద చెయ్యి వేస్తారు. "మీరు కానివ్వండి, తొందరేం లేదు" అంటారు. ఆ మాట చెవినబడ్డవాడు ఎంత నిదానస్తుడైనా పప్పన్నంలోంచి పెరుగన్నంలోకి ఒక్క గెంతు గెంతుతాడు. మనిషికి లేని ఓర్పు కుక్కకి ఎక్కణ్ణుంచి వస్తుంది? వెనకాల ఎవరూ లేకపోతే చాలు, మిరియం జమీందారు.

పరీక్ష రోజున మున్సిపల్ ఆఫీసు ఆవరణలో షామియానా వేశారు. శానిటరీ ఇన్‌స్పెక్టరు ధనుంజయం మెళ్లో విజిలు వేలాడుతోంది. నిబంధన ప్రకారం ఆయన కుక్క వెనకాల నిలబడాలి. ఆయన సరిగా నిలబడ్డాడో లేదో చూడ్డానికి ఆయన వెనకాల పర్యవేక్షకుడు. పక్కన ఫొటోలు తీసేవాడు, సాక్షి సంతకానికి ఒక గుమాస్తా. వీళ్లందరూ వంగి, గిన్నెలోకి తొంగి చూస్తున్నారు. వచ్చిన కుక్క వచ్చినట్టు మింగుతోంది, విజిలు ఊదకముందే పరీక్ష తప్పుతోంది.

వరసలో కామేశానికి ముందు టీ బండి నూకాలమ్మ ఉంది. ఆవిడ కుక్క రాజుగాడు ముసలిది. రోజూ బండి కింద బన్నుముక్క నముల్తూ నముల్తూ మధ్యలో నిద్రపోయే రకం. అంతటి రాజుగాడూ వెనకాల ఇంతమందిని చూసి, దొంగసొత్తు దాచుకుంటున్నవాడిలా గిన్నెడూ ఒక్క దమ్ములో కడుపులో వేసుకున్నాడు. ఓర్పు కేంద్రం వ్యాను తలుపు తెరిచారు.

"అయ్యా! ఆడు ఇంటికాడ ఇలా తినడయ్యా! నా మీద ఒట్టు!" అని నూకాలమ్మ తాడు వదలకుండా ఏడ్చింది.

"ఇంటి దగ్గర తిన్నది రికార్డులోకి రాదమ్మా. తాడు వదులు" అన్నాడు ధనుంజయం.

"తాడు నాదేనయ్యా!"

"తాడు నువ్వు ఉంచుకో. కుక్కనివ్వు."

వ్యాను పోయింది. నూకాలమ్మ తాడు చేత్తో పట్టుకుని అక్కడే కూలబడింది. మిరియం వంతు వచ్చింది.

కామేశం ఇడ్లీ పళ్లెం కింద పెట్టి, చేతులు కట్టుకుని అడిగాడు. "అయ్యా, చిన్న మాట. మీరు వెనకాల నిలబడకుండా ఉంటే బాగుంటుందండీ."

"పరిశీలన లేని భోజనం నిబంధనల దృష్ట్యా భోజనమే కాదు కామేశంగారూ. వెనకాల నిలబడవలెను అని స్పష్టంగా ఉంది."

"ఉంటే నిలబడాల్సిందేనండి, కాదన్ను. వెనకాలంటే ఎంత వెనకాలండీ?"

"ఎంతంటే?"

"కొలత లేకుండా మేం సరుకు ఇవ్వం, తీసుకోమండీ. మూర వెనకాలా, బార వెనకాలా, గేటు దాకా వెనకాలా? ఓసారి రూల్లో చూడండి. మీరు చూడకుండా ఎలాగంటే అలాగ నిలబడితే రేపు మీకే మాటొస్తుంది."

గుమాస్తా రూలు పుస్తకం తిరగేశాడు. కొలత లేదు. పొద్దున్నుంచీ వంగి వంగి ధనుంజయానికి నడుము పట్టేసింది. గేటు దగ్గర చెట్టునీడ ఉంది, కుర్చీలున్నాయి. "గేటు కూడా వెనకాలే కదండీ" అన్నాడు పర్యవేక్షకుడు ముందుగా. పరిశీలక బృందం మొత్తం వెనక్కి వెనక్కి నడిచి గేటు దగ్గర కూర్చుంది.

మిరియం చుట్టూ చూసింది. ఎవరూ లేరు. ఒక గుంట నాకింది. గోడ మీద కాకిని చూసింది. ఇంకో గుంట. చెవి గోక్కుంది. గేటు దగ్గర ధనుంజయం విజిలు ఊదాడు. మిరియం ఆ చప్పుడు ఎక్కణ్ణుంచి వచ్చిందా అని తల తిప్పి, ఏమీ లేదని నిర్ధారించుకుని మళ్లీ పళ్లెం వైపు తిరిగింది. గేటు దగ్గర ఫొటోగ్రాఫరు గురక పెట్టాడు.

సరిగ్గా అప్పుడు కమిషనరుగారి కారు లోపలికి వచ్చింది. ప్రభంజనరావుగారు దిగి, కుక్కపిల్లని చాలాసేపు చూశారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఈ దవడల కదలికలో ఒక పరిపాలనా దృక్పథం ఉంది. ఈ జీవిలో నేను రాబోయే శంకరవరాన్ని దర్శిస్తున్నాను. ఎవరిదీ శునకం?" అన్నారు.

"నాదేనండీ, చిత్తం. నిదానమని రాసిచ్చేస్తే ఇంటికి తీసుకెళ్లిపోతానండి."

"ఇంటికా? ఇటువంటి ప్రతిభను నాలుగు గోడల మధ్య బంధించుట ప్రజాప్రయోజనానికి విరుద్ధం. చాలాకాలంగా ఖాళీగా ఉన్న ఓర్పు శిక్షకుని పదవికి ఈ జీవిని నియమించడమైనది. శిక్షకుడు ఓర్పు కేంద్రంలోనే నివసించవలెను. బాధ్యతల స్వీకరణ రేపు మధ్యాహ్నం, సభాపూర్వకంగా, అందరి సమక్షంలో, భోజనంతో."

కామేశం బేరం మొదలెట్టాడు. "అయ్యా, పసిదండి. పోస్టుకి వయసు చాలదేమోనండి."

"వయోపరిమితి సడలించడమైనది."

"పోనీ, రేపు సభలో ఆత్రంగా తినేసిందనుకోండి?"

"అప్పుడు శిక్షకుని హోదా తొలగించి, శిక్షణార్థిగా అదే కేంద్రంలో చేర్చుకుంటాము. మీరు ఆందోళన చెందనక్కర్లేదు. పథకం మిక్కిలి దయతో రూపొందించబడినది."

ఇంటికి వచ్చేదాకా కామేశం లెక్క కడుతూనే ఉన్నాడు. ఆయన చూసిన ప్రతి తక్కెడకీ రెండు పళ్లేలున్నాయి, ఒకటి దిగితే ఒకటి లేచేది. రెండు పళ్లేలూ ఒకేసారి కిందికి దిగే తక్కెడని మున్సిపాలిటీ దగ్గరే చూశాడు. కంపెనీవాడు కూడా మంచి సరుకు మాది, పాడు సరుకు నీది అంటాడు గాని, మంచైనా పాడైనా మాదే అనడు.

విషయం విని మంగతాయారు ఏడవలేదు. "మొన్న దీనికి నిదానం నేర్పారు. ఇప్పుడు ఆత్రం నేర్పుతారా?" అని మాత్రం అడిగింది.

కామేశం కొట్లోకి వెళ్లి గల్లాపెట్టె ముందు కూర్చున్నాడు. బిందెల కోసం వచ్చినవాళ్లతో అన్యమనస్కంగా బేరాలాడాడు. ఎక్కువ చెప్పావన్నవాడికి తగ్గించాడు, నాసిరకమన్నవాణ్ణి ఒప్పించాడు. ఎంత గట్టి గిరాకీనైనా ఆయన లొంగదీస్తాడు. ఇన్నేళ్లలో లొంగనివాడు ఒక్కడే, బస్సు ఆలస్యమైనప్పుడల్లా వచ్చే పక్కూరి కరణంగారి బావమరిది. వస్తాడు, ఫ్యాను కింద కూర్చుంటాడు, మంచినీళ్లు తాగుతాడు, ధర అడగడు, లేచి వెళ్లిపోతాడు. ఎక్కువంటే తగ్గించొచ్చు, తక్కువంటే ఒప్పించొచ్చు. అసలు అడగనివాణ్ణి ఏ వ్యాపారస్తుడూ ఏమీ చెయ్యలేడు.

కామేశం చటుక్కున లేచి లోపలికి వెళ్లాడు.

"తాయారూ! రేపు పొద్దున్న దీనికి ఏం వండుతావు?"

"రేపట్నుంచి సర్కారు వండుతుంది కదండీ దీనికి" అంది ఆవిడ అటు తిరిగి.

"సర్కారు వండిన దాంట్లో ఒక్క మెతుకు కూడా పట్టకూడదు దీనికి. అలా పెట్టాలి నువ్వు. ముద్దపప్పు, నెయ్యి, పెరుగు, ఇంకేం కావాలంటే అది. ఆకలేసినవాడికే ఆత్రమూ, నిదానమూను. ఆకలే లేకపోతే?"

మంగతాయారు ఇటు తిరిగింది. ఆవిడకి లెక్కలు రావని చెప్పాను గదా, ఈ లెక్క మాత్రం వెంటనే వచ్చింది. "గారెలు కూడా వేస్తానుండండి" అంది.

మర్నాడు ఓర్పు కేంద్రం ముందు మామిడాకుల తోరణం కట్టారు. షెడ్డు కటకటాల వెనక కుక్కలన్నీ వరసగా నిలబడి చూస్తున్నాయి. యజమానులు బయట నిలబడి వాటిని చూస్తున్నారు. నూకాలమ్మ కూడా వచ్చింది, భుజాన ఆ తాడుతోటే. పక్క పందిట్లో అధికారుల భోజనం సిద్ధంగా ఉంది. పులిహోర వాసన మైకు దాకా వస్తోంది.

కమిషనరుగారు నిదానం గురించి నిదానంగా ప్రసంగించారు. "నూతన శిక్షకులు తొలి కబళం స్వీకరించిన పిమ్మటనే మనమందరమూ భోజనానికి ఉపక్రమిద్దాము. ఇది మర్యాద" అని ముగించి, మిరియం మెళ్లో బంతిపూల దండ వేసి, వెండి గిన్నెలో నేతి అన్నం స్వయంగా దాని ముందు పెట్టారు.

మిరియం పొట్ట డోలులా ఉంది. అది గిన్నెని వాసన చూసింది. తల పక్కకి తిప్పుకుంది. తన చుట్టూ తాను తిరిగి, కమిషనరుగారి బూటు మీద గడ్డం ఆనించి నిద్రపోయింది.

ధనుంజయం విజిలు ఊదాడు. మిరియం ఒక చెవి కదిపింది.

"రాయండి, నిదానం" అన్నారు కమిషనరుగారు కాలు కదపకుండా.

"ఎలాగండీ? తింటే కదండీ నిదానం. ఇది తినలేదండి" అన్నాడు గుమాస్తా.

"అయితే ఆత్రం కాదు కదా?"

"కాదండి. ఆత్రమంటే గిన్నె ఖాళీ అవ్వాలండి. నిండుగా ఉందండి."

"రిజిస్టర్లో మూడో గడి ఏముంది?"

"మూడో గడి లేదండి."

"సార్, కొంచెం వేచి చూద్దామండీ" అన్నాడు పర్యవేక్షకుడు. వేచి చూశారు. గిన్నెలో నెయ్యి పేరుకుంది. ధనుంజయం బతిమాలాడు, "తిను నాన్నా, తిను, ఒక్క ముద్ద" అని వేలితో చూపించాడు. మిరియం కలలో కాలు తన్నుకుంది. పులిహోర చల్లారుతోందని వంటవాడు రెండుసార్లు వచ్చి చెప్పి వెళ్లాడు. సంఘ సభ్యులందరూ పందిరి వైపు చూస్తున్నారు. గుమాస్తా కడుపు మైకులో వినబడింది.

అదను చూసి కామేశం ముందుకొచ్చాడు. "అయ్యా, ఇది ఇవాళ తింటుందో, రేపు తింటుందో, ఎప్పుడు తింటుందో ఎవరం చెప్పగలమండీ? మీరు పెద్దలు, ఎంతసేపని నిలబడతారు? తినేదాకా మా ఇంట్లో ఉంచుకుంటాను. తినంగానే కబురు పెడతాను. ఆ మేరకు రాసుకోండి."

"భోజనము ప్రారంభించని జీవి యొక్క వేగము నిర్ణయింపజాలము. ప్రారంభించునంత వరకు యజమాని సంరక్షణలో ఉంచవలెను" అని కమిషనరుగారు గబగబా చెప్పారు. గుమాస్తా అంతకంటే గబగబా రాశాడు. కమిషనరుగారు కుక్కపిల్ల గడ్డం కింద నుంచి జాగ్రత్తగా బూటు లాక్కున్నారు. తర్వాత సంఘం మొత్తం పందిట్లోకి పరుగెత్తింది. సిబ్బంది రెండో బంతికి వాళ్ల కుర్చీల వెనకాల వచ్చి నిలబడ్డారు. ఆ భోజనాన్ని ఎవరూ పరిశీలించలేదు గాని, కామేశం కుక్కపిల్లని సంచిలోకి ఎత్తుకునేలోగానే లోపల్నుంచి విస్తళ్లు మడిచిన చప్పుడు వినబడింది.

నూకాలమ్మ ఆయన వెనకాలే వచ్చింది. "సెట్టిగారూ! దీనికేటి మందెట్టారండీ?"

"మందేం లేదు నూకాలమ్మా. కడుపునిండా పెట్టి తీసుకొచ్చాను."

ఆవిడ తాడు నడుముకి చుట్టుకుని, బండి దగ్గరికి పోయి బన్నులన్నీ మూట కట్టుకొచ్చింది. అధికారులు తాంబూలాలు నముల్తూండగానే కటకటాల సందుల్లోంచి రాజుగాడికి తినిపించింది. మిగతావాళ్లూ తలో దిక్కుకీ పరుగెత్తి దొరికింది తెచ్చారు. సాయంత్రం పునఃపరిశీలనకి అర్జీ పెడితే, గిన్నె ముందు పెట్టిన ప్రతి కుక్కా పడుకుని నిద్రపోయింది. రాజుగాడైతే గిన్నె మీదే పడుకున్నాడు. అన్ని కాగితాల మీదా అదే వాక్యం రాయాల్సి వచ్చింది. చీకటి పడకముందే షెడ్డు ఖాళీ. నూకాలమ్మ తాడు మళ్లీ రాజుగాడి మెళ్లోకి చేరింది.

పట్టణంలో ఆత్రంగా తినే కుక్క ఒక్కటి కూడా లేదని మున్సిపాలిటీ పైకి నివేదిక పంపింది. పైవాళ్లు ప్రశంసాపత్రం పంపారు. మిరియం ఇంటి దగ్గర, వెనకాల ఎవరూ లేని పెరట్లో, దాని పద్ధతిలో అది తింటోంది. కామేశం కబురు పెట్టలేదు. అటునుంచీ ఎవరూ అడగలేదు. శంకరవరంలో పెండింగంటే చెల్లిపోయినట్టే.

కొన్నాళ్లకి కొట్టు కట్టే వేళ మైకు పెట్టుకుని ఒక ఆటో మెయిన్ రోడ్డులోకి తిరిగింది. "పట్టణంలోని శునకములకు ఆకలి ఆందోళనకరముగా మందగించినట్లు రికార్డుల ద్వారా వెల్లడైనందున, కమిషనరువారి ఆదేశానుసారము, శునక ఆకలి ప్రోత్సాహక సంఘము ఏర్పాటు చేయబడినది. యజమానులు తమ శునకములను తక్షణమే..."

"ఏవండీ, ఏంటా అరుపు?" అని మంగతాయారు లోపల్నుంచి కేకేసింది.

కామేశం షట్టరు కిందికంటా లాగి తాళం వేశాడు. "ఎవడో అమ్ముకోడానికొచ్చాడు తాయారూ. మనకేం వద్దని చెప్పేశాలే."